కేసీ-135 ట్యాంకర్ మోడల్: బూమ్, గొట్టం, వెనుక గాలి, వీటిలో దేన్ని ముందు సరిచేయాలి?

ప్రశ్న: మేఘమార్గం

నమస్కారం. ఫ్లైట్‌గేర్ అనే విమాన సిమ్యులేటర్ కోసం, గాలిలోనే ఇతర విమానాలకు ఇంధనం ఇచ్చే కేసీ-135ఆర్ ట్యాంకర్ విమానాన్ని బ్లెండర్ అనే త్రిమితీయ మోడలింగ్ ప్రోగ్రాములో తయారుచేస్తున్నాను. బయటి రూపం దాదాపు పూర్తయింది. చక్రాలు, ఫ్లాపులు, తలుపులు కదులుతున్నాయి, టెక్స్చర్లు కూడా వేశాను. నేల మీద నిలబెట్టి చుట్టూ తిరిగి చూస్తే వంక పెట్టడానికి పెద్దగా ఏమీ కనిపించదు. అయితే మరో విమానంలో కూర్చుని దీని వెనుకకు చేరి ఇంధనం అందుకోవడానికి ప్రయత్నిస్తే మాత్రం నమ్మశక్యంగా ఉండటం లేదు.

ఇబ్బందులు నాలుగు రకాలుగా ఉన్నాయి. బూమ్ (ట్యాంకర్ తోక కింద ఉండే గట్టి ఇంధనపు గొట్టం) కొస, అందుకునే విమానం మీదున్న రిసెప్టకిల్ (ఇంధనం తీసుకునే రంధ్రం) దగ్గర నిలవకుండా ముందుకూ వెనక్కూ కొన్ని మీటర్ల మేర ఎగిరిపడుతోంది. నేను ఇంకా చాలా దూరంలో ఉండగానే కలయిక జరిగినట్టు నమోదై ఇంధనం రావడం మొదలవుతోంది. రెక్కల కింద పాడ్లు (మెత్తని ఇంధన గొట్టాన్ని వెనక్కి వదిలే తొడుగులు) ఉన్న రెండో రూపంలో గొట్టం కర్రలా బిగుసుకుని వేలాడుతోంది. వీటన్నిటికీ తోడు, ముందు నూరు టన్నుల విమానం ఎగురుతున్నా వెనుక గాలిలో దాని జాడే లేదు, ఖాళీ ఆకాశంలో ఉన్నట్టే ఉంటోంది. ఈ నాలుగింటిలో దేనితో మొదలుపెట్టడం మేలో చెప్పగలరు. మరో చిన్న సందేహం: మొండెం కోసం ఒక 707 మోడల్ కొలతలను ఆధారంగా తీసుకోవచ్చునా?

జవాబు: నాలుగోఇంజన్

చిన్న సందేహంగా అడిగినదే నిజానికి పెద్దది కనుక ముందు దాని గురించి రాస్తాను. కేసీ-135, 707 రెండూ బోయింగ్ 367-80 అనే నమూనా విమానం నుంచి పుట్టినవే అయినా, అవి తోబుట్టువులే తప్ప కవలలు కావు. కేసీ-135 మొండెం వెడల్పు 144 అంగుళాలు. ప్రయాణికుల సీట్ల వరస కోసం బోయింగ్ సంస్థ 707 మొండేన్ని 148 అంగుళాలకు పెంచింది. ట్యాంకర్ పొడవు 136 అడుగుల 3 అంగుళాలు, 707 రకాలు చాలావరకు అంతకంటే పొడవైనవి. తికమక ఎక్కడంటే, తొలి తరం 707 రెక్కల విస్తారమూ ట్యాంకర్ రెక్కల విస్తారమూ ఒకటే, 130 అడుగుల 10 అంగుళాలు. ఆ ఒక్క కొలత సరిపోవడం చూసి మిగతావీ సరిపోతాయని చాలామంది అనుకుంటారు. నాలుగు అంగుళాల తేడా కంటికి ఆనదు. కానీ వెడల్పు కుదించడానికి మొండెం మొత్తాన్ని ఒకే నిష్పత్తిలో తగ్గిస్తే, తోక కింద బూమ్ ఇరుసు ఉండవలసిన చోటు మారిపోతుంది. ఆ తరువాత మీరు వేసే ప్రతి లెక్కలోనూ ఆ తప్పు మోసుకురావలసి వస్తుంది. కాబట్టి 707 మోడల్‌ను రూపురేఖల కోసం చూడండి గాని, కొలతల కోసం వాడకండి.

ప్రయాణికుల విమానం మోడల్‌నే ఆధారం చేసుకోవాలన్న కోరిక గట్టిగా ఉంటే, దానికి తగిన ట్యాంకర్లు వేరే ఉన్నాయి. కేసీ-46కు 767, కేసీ-10కి డీసీ-10, ఏ330 ఎంఆర్‌టీటీకి ఏ330-200 నిజమైన ఆధారాలు. ఎంఆర్‌టీటీలో మోడల్ చేసేవారికి కలిసివచ్చే సంగతి ఒకటి ఉంది. ఏ330, ఏ340 విమానాల రెక్క నిర్మాణం ఉమ్మడిది. ఏ340లో బయటి ఇంజన్లు వేలాడే చోటునే ఎంఆర్‌టీటీలో గొట్టపు పాడ్లు వేలాడుతాయి. అంటే పాడ్ స్థానం కోసం ఫోటోలు పట్టుకుని కొలవనక్కరలేదు.

ఇక మోడల్ విషయం. ట్యాంకర్‌ను ఎవరూ విమానాశ్రయంలో నిలబడి చూడరు. చూసేవాడు దాని తోక కింద, కొన్ని పదుల అడుగుల దూరంలో, తల ఎత్తి, నిమిషాల తరబడి కన్నార్పకుండా చూస్తాడు. బ్లెండర్‌లో ఒక కెమెరాను ఎఫ్-16 పైలట్ కన్ను ఉండే చోట పెట్టండి. రెక్క మొదలు నుంచి తోక దాకా పొట్ట భాగం ఆ కెమెరాలో ఎంత మేర కనిపిస్తుందో చూసి, మీ పాలిగాన్లలోనూ టెక్స్చర్లలోనూ సగానికి పైగా అక్కడే ఖర్చుపెట్టండి. కాక్‌పిట్‌లోని మీటలను చెక్కడానికి పట్టే శ్రమను బూమ్ ఆపరేటర్ బోర్లా పడుకుని చూసే కిటికీ మీద పెడితే ఫలితం ఎక్కువ.

పొట్ట మీద ఉండే దీపాలు అలంకారం కాదు. ఎఫ్-16, ఎఫ్-15 వంటి విమానాల్లో రిసెప్టకిల్ పైలట్‌కు వెనుకనో పక్కనో ఉంటుంది. కలయిక సమయంలో అతను బూమ్ మొనను చూస్తూ ఎగరలేడు. అందుకే కేసీ-135 పొట్ట ముందుభాగంలో రెండు వరసల మార్గదర్శక దీపాలు ఉంటాయి. ఎడమ వరస పైకా కిందికా అన్నది, కుడి వరస ముందుకా వెనక్కా అన్నది చెబుతుంది. మధ్యలో ఆకుపచ్చ, కొసల్లో ఎరుపు. కలయికకు ముందు ఈ దీపాలను బూమ్ ఆపరేటర్ చేత్తో వెలిగిస్తాడు. కలిశాక అవి బూమ్ కోణాన్ని, పొడవును బట్టి వాటంతట అవే మారుతాయి. పొట్ట మధ్యగా గీసిన పసుపు గీత పక్కకు జరగకుండా ఉండటానికి ఆధారం. ఈ దీపాలు, ఈ గీత లేని ట్యాంకర్ ఎంత అందంగా ఉన్నా, దాని వెనుక ఎగిరేవాడికి పట్టుకోవడానికి ఏమీ ఉండదు.

ఇంకొకటి మరిచిపోతున్నాను. రెక్కలను నేల మీద ఉన్న భంగిమలోనే ఉంచి ఎగరనివ్వకండి. ఇంధనంతో నిండి నేల మీద కిందికి వాలే రెక్క గాలిలో పైకి వంగుతుంది. పాడ్లున్న రూపంలో అవి కూడా రెక్కతో పాటు లేస్తాయి. గొట్టం బయలుదేరే బిందువును రెక్క ఎముకకు పిల్లగా (దానితో పాటే కదిలేలా) కట్టకపోతే, గాలిలో గొట్టం పాడ్ నోటి నుంచి కాక దాని కింద ఖాళీలోంచి పుట్టినట్టు కనిపిస్తుంది.

జవాబు: దశాంశబిందువు

రూపం గురించి పై మిత్రులు చెప్పినదానితో ఏకీభవిస్తున్నాను. నేను మొదటి రెండు ఇబ్బందులకు పరిమితమవుతాను.

బూమ్ ఎగిరిపడటానికి కారణాన్ని రిగ్‌లో (కదిలే భాగాల అమరికలో) వెతకకండి, సమయంలో వెతకండి. 25,000 అడుగుల ఎత్తున సూచిక వేగం 300 నాట్లు ఉంటే నిజ వేగం దాదాపు 430 నాట్లు, అంటే సెకనుకు సుమారు 220 మీటర్లు. సెకనుకు 60 ఫ్రేములు వస్తుంటే ఒక్కో ఫ్రేములో విమానం 3.7 మీటర్లు కదులుతుంది. మీ స్క్రిప్టు అందుకునే విమానం స్థానాన్ని ఈ ఫ్రేము నుంచి, ట్యాంకర్ స్థానాన్ని క్రితం ఫ్రేము నుంచి చదువుతోందనుకోండి: రెండూ సరైన విలువలే, అయినా వాటి మధ్య దూరంలో 3.7 మీటర్ల తప్పు వస్తుంది. ఫ్రేము వేగం స్థిరంగా ఉండదు కనుక ఆ తప్పు కూడా స్థిరంగా ఉండదు; అదే మీకు ఎగిరిపాటుగా కనిపిస్తోంది. దీన్ని నిర్ధారించుకోవడం సులువు. ట్యాంకర్ వేగాన్ని సగానికి తగ్గించి చూడండి. ఎగిరిపాటు కూడా సగమైతే దోషం సమయానిదే. రెండు స్థానాలనూ ఒకే క్షణంలో, రెండూ కదలిక ముగించుకున్నాక చదవడమే దీనికి మందు.

రెండో అనుమానం సంఖ్యల సూక్ష్మత మీద. భూమి కేంద్రం నుంచి కొలిచే నిరూపకాల్లో విలువలు 60 లక్షల మీటర్లు దాటుతాయి. అంత పెద్ద సంఖ్యను 32 బిట్ల దశాంశ సంఖ్యగా దాస్తే, పక్కపక్కనున్న రెండు విలువల మధ్య ఎడం అర మీటరు. బూమ్ మొన అర మీటరు మెట్లలో కదిలితే ఏ వడపోతా దాన్ని నునుపు చేయలేదు. ఫ్లైట్‌గేర్ స్క్రిప్టులు రాసే నాజల్ భాషలో సంఖ్యలన్నీ 64 బిట్లవే కాబట్టి లెక్క అంతా అక్కడే చేయండి; ముందు రెండు స్థానాల భేదాన్ని తీసి, ఆ చిన్న సంఖ్యను మాత్రమే యానిమేషన్‌కు అందించండి. ఒక జాగ్రత్త: ఫ్లైట్‌గేర్ మోడల్ అక్షాలు మీటర్లలో, విమానం కదలికను లెక్కించే జేఎస్‌బీసిమ్ నిర్మాణ అక్షాలు అంగుళాల్లో ఉంటాయి, రెండింటిలోనూ మొదటి అక్షం తోక వైపుకే చూస్తుంది. ట్యాంకులనూ ఇరుసులనూ ఒకదాని నుంచి మరొకదానికి మార్చేటప్పుడు ప్రమాణాన్ని, మూల బిందువును రెండింటినీ సరిచూసుకోవాలి.

ఈ రెండూ తేలాక బూమ్ లెక్క చిన్నది. ఇరుసు నుంచి రిసెప్టకిల్‌కు ఒక సదిశను గీసి, దాన్ని ట్యాంకర్ సొంత అక్షాల్లోకి తిప్పండి. ఆ సదిశ పక్కకు ఎంత ఒరిగిందో అది పక్క కోణం, కిందికి ఎంత వాలిందో అది వాలు కోణం, దాని పొడవులోంచి ముడుచుకున్న బూమ్ పొడవు తీసేస్తే మిగిలేది లోపలి గొట్టం బయటికి రావలసిన కొలత. బ్లెండర్‌లో పక్క కోణానికి ఒక ఖాళీ వస్తువు, దాని పిల్లగా వాలు కోణానికి మరొకటి, దాని పిల్లగా తన పొడవు వెంబడే జారే లోపలి గొట్టం: ఈ వరస తారుమారైతే బూమ్ పక్కకు తిరిగినప్పుడు మెలిపడుతుంది. సాధారణ స్థితిలో బూమ్ దాదాపు 30 డిగ్రీలు కిందికి వాలి ఉంటుంది. దాని చుట్టూ పైకీ కిందికీ పక్కలకూ, పొడవులోనూ హద్దులు పెట్టి, అవి దాటగానే కలయిక తెగిపోయేలా చేయండి.

కలయికకు, విడిపోవడానికి ఒకే హద్దు పెట్టకూడదు. కలవడానికి అర మీటరు లోపలికి రావాలి, సాపేక్ష వేగం స్వల్పంగా ఉండాలి, ఆ స్థితి ఒక సెకను నిలవాలి. ఒకసారి కలిశాక మాత్రం హద్దులు బూమ్ కదలగలిగిన మేర అంతా ఉండాలి. దూరం నుంచే ఇంధనం రావడానికి కారణం చాలామటుకు, అందుకునే విమానం కేంద్ర బిందువుకూ ట్యాంకర్ కేంద్ర బిందువుకూ మధ్య దూరాన్ని కొలవడమే. మొన నుంచి రిసెప్టకిల్ దాకా కొలవండి, సమస్య తీరిపోతుంది.

కలయిక లేనప్పుడు బూమ్ తనకు తానుగా, కొంచెం మందకొడిగా, ఆపరేటర్ చెయ్యి వెనుక ఉన్నట్టు కదలాలి. కలిశాక ఆ మందకొడితనాన్ని పూర్తిగా తీసేసి రిసెప్టకిల్‌కు అంటుకుని ఉండాలి. బూమ్‌ను ఎగరేసేది దాని చివరి భాగంలో రెండు వైపులా విచ్చుకుని ఉండే చిన్న రెక్కలు. అవి ముందు తిరిగి, బూమ్ ఆ తరువాత కదిలేలా చేస్తే, లోపల లెక్క ఎంత సరళమైనదైనా చూసేవాడికి గాలి కనబడుతుంది.

మేఘమార్గం

ఇద్దరికీ ధన్యవాదాలు. వేగాన్ని సగానికి తగ్గించి చూశాను, ఎగిరిపాటు నిజంగానే సగమైంది. రెండు స్థానాలనూ ఒకేచోట చదివేలా మార్చాక ఒంటరిగా ఎగిరేటప్పుడు బూమ్ స్థిరంగా నిలుస్తోంది. కానీ ట్యాంకర్‌ను మరో ఆటగాడు నెట్‌వర్క్‌లో నడుపుతుంటే పాత వణుకే మళ్ళీ వస్తోంది. అలాగే గాలి ప్రభావాన్ని జేఎస్‌బీసిమ్‌లో బాహ్య బలంగా చేర్చాలని అనుకున్నాను గాని, అందుకునే విమానం నాది కాదు కదా. దాని ఫైళ్ళను నేను మార్చలేను.

జవాబు: దశాంశబిందువు

నెట్‌వర్క్ సంగతి నేను చెబుతాను, గాలి సంగతి తెలిసినవారికి వదిలేస్తాను. సందేశం అందడంలో పదో వంతు సెకను ఆలస్యమైనా అది 22 మీటర్లు. ప్రోగ్రాము ఆ ఖాళీని ఊహతో పూరిస్తుంది, కొత్త సందేశం రాగానే ఊహను దిద్దుతుంది. ఆ దిద్దుబాటే మీకు కనిపించే వణుకు. అవతలి ఆటగాడి యంత్రంలో లెక్కించిన బూమ్ కోణాలను పంపించుకోవడం వృథా, ఎందుకంటే అతని యంత్రంలో మీ విమానం ఉన్న చోటు, మీ యంత్రంలో ఉన్న చోటు ఒకటి కావు. బూమ్ కోణాలను ఎవరి తెర మీద చూస్తున్నారో వారి యంత్రంలోనే లెక్కించాలి. నెట్‌వర్క్ మీదుగా బూమ్ దింపారా, ఇంధనం వదులుతున్నారా, విడిపొమ్మని ఆదేశించారా అన్న స్థితులు మాత్రమే వెళ్ళాలి. అప్పటికీ ట్యాంకర్ శరీరం కాస్త కదులుతుంది. కలయిక నిలిచి ఉండగా దాని స్థానాన్ని అర సెకను మేర సగటు చేసి చూపిస్తే సహించదగ్గ స్థాయికి వస్తుంది.

జవాబు: తోకగాలి

గాలి ప్రభావాన్ని అందుకునే విమానంలో చేర్చాలనుకోవడం దగ్గరే దారి తప్పుతుంది. అది విమానానికి చెందిన లక్షణం కాదు, చోటుకు చెందినది. ట్యాంకర్ వెనుక ఉన్న కొంత ప్రదేశంలో గాలి కిందికి వీస్తుంది. ఆ ప్రదేశంలోకి వచ్చిన ఏ విమానమైనా దాన్ని అనుభవించాలి. సిమ్యులేటర్ ఆ క్షణాన ఇచ్చే గాలి వేగానికి ఒక నిలువు అంశాన్ని కలిపితే చాలు, అందుకునే విమానం ఫైళ్ళను ముట్టుకోనక్కరలేదు.

ఎంత కలపాలి అన్నది ఊహతో నిర్ణయించవద్దు, కాగితం మీద తేలే లెక్క అది. దీర్ఘవృత్తాకారంగా పరుచుకున్న ఉత్థాపక బలం ఉన్న రెక్కకు మధ్యలోని ప్రవాహ చక్రత (రెక్క చుట్టూ గాలి తిరిగే తీవ్రత) విలువ, బరువును నాలుగుతో గుణించి, పై (π) విలువ, గాలి సాంద్రత, వేగం, రెక్కల విస్తారం అనే నాలుగింటి లబ్ధంతో భాగిస్తే వస్తుంది. నూరు టన్నుల బరువు, 25,000 అడుగుల ఎత్తు, సెకనుకు 220 మీటర్ల వేగం, 39.88 మీటర్ల విస్తారం తీసుకుంటే అది సుమారు 260 వస్తుంది. దాన్ని విస్తారంతో భాగిస్తే రెక్క వెనుక గాలి కిందికి దిగే వేగం తేలుతుంది: సెకనుకు ఆరున్నర మీటర్లు. ఇది రెక్క వదిలిన సుడుల పొరలోనే ఉన్నప్పటి గరిష్ఠ విలువ; అందుకునే విమానం ఆ పొరకు కింద ఉంటుంది కనుక అందులో కొంత భాగమే తగులుతుంది. కోణంగా చూస్తే ఒకటి, ఒకటిన్నర డిగ్రీలు. ఇంతేనా అనిపించవచ్చు. ఉత్థాపకానికీ నిరోధానికీ నిష్పత్తి ఎనిమిది ఉన్న విమానం ఒకటిన్నర డిగ్రీ కిందికి వీచే గాలిలో అదే ఎత్తున నిలవాలంటే దాదాపు ఐదో వంతు తోపుడు అదనంగా కావాలి. ట్యాంకర్ వెనుకకు చేరిన పైలట్ థ్రాటిల్‌ను ముందుకు జరపవలసి రావడానికి ఇదే కారణం. దీన్ని చేర్చకపోతే మీ ట్యాంకర్ వెనుక ఎగరడం నిజం కంటే తేలిక అవుతుంది.

రెక్క పాడ్ల వెనుక సంగతి వేరు. అక్కడ విమానం రెక్క కొన సుడికి దగ్గరగా ఉంటుంది. దాని లోపలి రెక్క మీద గాలి ఎక్కువగా కిందికి దిగుతుంది, బయటి రెక్క మీద తక్కువగా దిగుతుంది లేదా పైకి లేస్తుంది. ఫలితంగా విమానం ట్యాంకర్ మధ్యరేఖ వైపు ఒరగడానికి చూస్తుంది, పైలట్ కర్రను కొంచెం బయటికి పట్టి ఉంచాలి. దీని కోసం రెక్క రెండు కొసల దగ్గర గాలిని వేర్వేరుగా అడగగలిగే విమాన నమూనా కావాలి. లేకపోతే చిన్న ఒరుగుడు వేగంతో సరిపెట్టుకోవాలి.

దీనికి తిరుగు ప్రభావం కూడా ఉంది, చాలామంది వదిలేస్తారు. సీ-17, సీ-5 వంటి భారీ విమానం కిందికి వచ్చి చేరినప్పుడు దాని ముక్కు ముందు ఒత్తిడి పెరిగిన గాలి ట్యాంకర్ తోకను పైకి నెడుతుంది, ట్యాంకర్ ముక్కు వాలుతుంది. ఆటోపైలట్ దాన్ని సరిదిద్దుకుంటుండగా బూమ్ కొంచెం ఊగుతుంది. కృత్రిమ మేధ నడిపే ట్యాంకర్‌కు ఇంత వివరం అనవసరం అనుకుంటే, భారీ విమానం దగ్గరైన కొద్దీ ట్యాంకర్ ముక్కును అర డిగ్రీ వాల్చి మళ్ళీ నెమ్మదిగా ఎత్తినా సరిపోతుంది.

గొట్టం గురించి కూడా నా అభిప్రాయం రాస్తాను. పదిహేను, ఇరవై ఎముకల గొలుసు తీసుకుని, ప్రతి కీలుకూ బరువు, గాలి నిరోధం ఇచ్చి, వెర్లే పద్ధతిలో (క్రితం స్థానాల నుంచి కొత్త స్థానాన్ని లెక్కించే పద్ధతి) అడుగులు వేయించండి. నిజమైన గొట్టం ప్రవర్తన అంతా దానంతట అదే బయటికి వస్తుంది.

జవాబు: దశాంశబిందువు

ఈ చివరి సలహాతో మాత్రం విభేదిస్తాను. బిగువైన గొలుసును ఫ్రేముకు ఒక అడుగుతో లెక్కిస్తే అది పేలిపోతుంది; స్థిరంగా ఉంచడానికి ఫ్రేముకు పది, ఇరవై చిన్న అడుగులు వేయాలి. ఆ పనిని స్క్రిప్టు భాషలో, రెండు గొట్టాలకు, ప్రతి ఫ్రేములో చేయిస్తే మిగతా సిమ్యులేటర్ కుంటుతుంది. పైగా మామూలుగా ఎగిరేటప్పుడు గొట్టం చేసేది చాలా తక్కువ. గొట్టం చివరనున్న గరాటు ఆకారపు బుట్ట మీద గాలి నిరోధం దాన్ని వెనక్కి లాగి పట్టి ఉంచుతుంది కనుక అది దాదాపు సూటిగా, కొంచెం కిందికి వంగి ఉంటుంది. పాడ్ నోరు ఒక కొస, బుట్ట మరో కొస, మధ్యలో వంపును నియంత్రించే రెండు బిందువులు: ఇంతటి ఒక వక్రరేఖ మీద ఎముకలను పరిస్తే చాలు.

జవాబు: తోకగాలి

మామూలుగా ఎగిరేటప్పుడు మీరన్నది నిజం. కానీ గొట్టం అసలు గుణం తెలిసేది బుట్టను తాకిన తరువాతి రెండు సెకన్లలో. అందుకునే విమానం తన ప్రోబ్‌ను (ఇంధనం తీసుకునే ముందుకు చాచిన గొట్టాన్ని) రెండు నుంచి ఐదు నాట్ల సాపేక్ష వేగంతో బుట్టలోకి దించాలి. మరీ నెమ్మదిగా వస్తే కొక్కెం పట్టదు. వేగంగా వస్తే గొట్టంలో ఒక్కసారిగా వదులు పుడుతుంది. ఆ వదులును పాడ్ లోపల గొట్టాన్ని చుట్టే యంత్రం వెంటనే లాక్కోవాలి. లాక్కోకపోతే అల ఒకటి గొట్టం వెంబడి పాడ్ దాకా పోయి, తిరిగి వచ్చి, కొరడా దెబ్బలా ప్రోబ్‌ను కొడుతుంది. మీ వక్రరేఖలో ఈ అల ఎక్కడి నుంచి వస్తుంది?

జవాబు: దశాంశబిందువు

అలను విడిగా చేర్చవచ్చు. కలిసిన క్షణంలోని సాపేక్ష వేగం ఐదు నాట్లు మించితే, మించిన మేరకు ఎత్తు ఉన్న ఒక అలను వక్రరేఖ మీద ఒకసారి ముందుకూ ఒకసారి వెనక్కూ పరుగెత్తించి, తిరిగి వచ్చినప్పుడు అది ఒక హద్దు మించి ఉంటే ప్రోబ్ విరిగినట్టు నమోదు చేయాలి. లెక్క తక్కువ, ఫలితం ఊహించదగినది, దోషం వస్తే వెతకడం తేలిక. గొలుసు లెక్కను సిమ్యులేటర్ అసలు భాషలో రాయగలిగినవారు తప్పక రాయాలి. స్క్రిప్టు మాత్రమే అందుబాటులో ఉన్న మోడలర్‌కు నా మార్గమే నయం.

జవాబు: తోకగాలి

స్క్రిప్టుకే పరిమితమైతే సరే, ఒప్పుకుంటాను. అయితే బుట్టకు మాత్రం వక్రరేఖతో సంబంధం లేని సొంత కదలిక ఉండాలి. దగ్గరికి వచ్చే విమానం ముక్కు చుట్టూ తిరిగే గాలి బుట్టను పక్కకు, పైకి నెడుతుంది; చివరి ఒకటి రెండు మీటర్లలో బుట్ట తప్పించుకున్నట్టు కనిపించడం దాని వల్లనే. విమానం ముక్కుకూ బుట్టకూ మధ్య దూరం తగ్గుతున్న కొద్దీ పెరిగే ఒక చిన్న తోపు ఇవ్వండి. దానికి తోడు యాదృచ్ఛిక కదలిక ఇవ్వాలనుకుంటే ప్రతి ఫ్రేముకూ కొత్త సంఖ్య ఇవ్వకండి, బుట్ట ఈగలా కొట్టుకుంటుంది. రెండు మూడు సెకన్ల నెమ్మది ఊపులు కలపండి.

పాడ్ వెనుక మూడు రంగుల దీపాలు ఉంటాయి: ఎరుపు ఉంటే దగ్గరికి రాకూడదు, కాషాయం వెలిగితే కలవవచ్చు, ఆకుపచ్చ వెలిగితే ఇంధనం పారుతోంది. కలవగానే ఆకుపచ్చ వెలిగించవద్దు. బుట్టను పట్టుకున్నాక విమానం ఇంకొన్ని అడుగులు ముందుకు వచ్చి గొట్టాన్ని చుట్టలోకి నెట్టాకే కవాటం తెరుచుకుంటుంది.

జవాబు: నాలుగోఇంజన్

మేఘమార్గం గారు రెండు రూపాలు చేస్తున్నారు కనుక ఒక మాట. రెక్క పాడ్లు కొన్ని కేసీ-135లకే ఉన్నాయి. అవి లేని విమానం ప్రోబ్ ఉన్నవారికి ఇంధనం ఇవ్వాలంటే, బయలుదేరే ముందే బూమ్ కొసకు తొమ్మిది అడుగుల చిన్న గొట్టం, లోహపు బుట్ట బిగిస్తారు. ఆ ప్రయాణంలో ఆ బూమ్ రిసెప్టకిల్ ఉన్న విమానాలకు పనికిరాదు. ఈ అమరికలో గొట్టాన్ని చుట్టే యంత్రం లేదు కాబట్టి వదులును పైలటే చూసుకోవాలి, గొట్టాన్ని ఒక వంపులో ఉంచి నిలబడాలి. మోడల్ చేయడానికి పాడ్ల కంటే ఇది సులువు, ఎగరడానికి చాలా కష్టం. మూడో రూపంగా చేరిస్తే వాడేవారు వెంటనే గుర్తుపడతారు.

ట్యాంకర్ సొంత ఎగురుడు గురించి ఎవరూ రాయలేదు. ఫ్లైట్‌గేర్ సన్నివేశపు ఫైలులో కృత్రిమ ట్యాంకర్‌కు దిశ, వేగం, ఒరుగుడు కోణం ఇస్తే అది ఆ కోణంలోనే వలయంగా తిరుగుతూ ఉంటుంది. నిజమైన ట్యాంకర్లు సాగిన పరుగుపందెపు బాట మీద, రెండు పొడవైన సూటి దారులు, రెండు అర్ధవలయాలుగా ఎగురుతాయి. సెకనుకు 220 మీటర్ల వేగంతో 25 డిగ్రీలు ఒరిగితే వలయపు వ్యాసార్థం పది కిలోమీటర్లు దాటుతుంది, సగం తిరగడానికి రెండున్నర నిమిషాలు పడుతుంది. ఆ సమయమంతా అందుకునే విమానం కలిసే ఉండవచ్చు, కానీ ట్యాంకర్ ఒరుగుడులోకి వెళ్ళడం, రావడం చాలా నెమ్మదిగా జరగాలి. ఒక్క సెకనులో 25 డిగ్రీలు ఒరిగే ట్యాంకర్ వెనుక ఎవరూ నిలవలేరు.

వేగాన్ని కూడా ఒకే విలువకు బిగించకండి. ఎఫ్-16కు 310 నాట్ల దగ్గర సౌకర్యంగా ఉంటుంది. ఏ-10 వస్తే ట్యాంకర్ చాలా నెమ్మదించాలి. నిండిన కొద్దీ బరువెక్కి వెనుకబడే విమానాల కోసం ట్యాంకర్ స్వల్పంగా దిగుతూ ఎగిరే పద్ధతి ఉంది, టొబాగన్ అంటారు. ఒక మీట పెట్టి నిమిషానికి కొన్ని వందల అడుగుల చొప్పున దిగేలా చేస్తే చాలు.

జవాబు: తోకగాలి

ఇంధన లెక్కలో ఒక్క సంగతి కలుపుతాను. కేసీ-135లో తన కోసం వేరే, ఇవ్వడానికి వేరే అని రెండు ఖాతాలు పెట్టకండి. అది మోసే సుమారు 2,00,000 పౌండ్ల ఇంధనంలో దాదాపు అంతా బూమ్ గుండా పంపగలదు, దానిలోంచే ఇంజన్లూ తాగుతాయి. రెక్కల్లోనే కాక మొండెంలో ముందూ వెనుకా కూడా ట్యాంకులు ఉన్నాయి కనుక, ఏది ముందు ఖాళీ అయితే గురుత్వ కేంద్రం అటు నుంచి జరుగుతుంది. జేఎస్‌బీసిమ్‌లో ట్యాంకుల స్థానాలు సరిగా ఇచ్చి, ప్రాధాన్య క్రమం రాస్తే ఆ జరుగుడు దానంతట అదే వస్తుంది. ప్రవాహ వేగాన్ని అందుకునే విమానమే నిర్ణయించాలి. కేసీ-46 బూమ్ నిమిషానికి 1,200 గ్యాలన్ల దాకా ఇవ్వగలదు, కానీ చిన్న యుద్ధవిమానం గొట్టాలు అంత వేగాన్ని తట్టుకోలేవు.

మేఘమార్గం

అందరికీ కృతజ్ఞతలు. మొండెం కొలతలను 144 అంగుళాల నుంచి మళ్ళీ మొదలుపెట్టి, బూమ్ ఇరుసు, మార్గదర్శక దీపాలు ముందు పూర్తిచేస్తాను. ఆ తరువాత నిలువు గాలి, చివరగా వక్రరేఖ గొట్టం. చిన్న ప్రశ్న ఒకటి మిగిలింది. ట్యాంకర్‌ను కనిపెట్టడానికి టాకాన్ (దిశ, దూరం చూపే రేడియో సాధనం) ఛానెల్ ఇచ్చాను, కానీ అందుకునే విమానంలో అదే ఛానెల్ పెట్టుకోవాలా?

జవాబు: నాలుగోఇంజన్

నిజ జీవితంలో రెండు విమానాల మధ్య టాకాన్ వాడేటప్పుడు ఛానెళ్ళ మధ్య 63 తేడా ఉంటుంది. ఒకరు 29 పెట్టుకుంటే మరొకరు 92 పెట్టుకుంటారు. ఫ్లైట్‌గేర్ సన్నివేశంలో మాత్రం ట్యాంకర్‌కు రాసిన ఛానెల్‌నే, చివరి అక్షరంతో సహా, అందుకునే విమానంలో పెట్టుకోవాలి. సూచనల పత్రంలో ఈ రెండో పద్ధతినే రాయండి, లేకపోతే మొదటిది తెలిసినవారు 63 కలుపుకుని ట్యాంకర్ దొరకలేదని మీకే రాస్తారు.